పుస్తకాల పద్దు ‘ఇతరాల్లో’ కలపొద్దు

డిసెంబరు నెలాఖరు వచ్చిందంటే చాలు, ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు చదివామో చెప్పుకునే హడావుడి మొదలవుతుంది. యాభై అని ఒకరు, నూటపది అని ఇంకొకరు. సోఫా మీద పుస్తకాలు పేర్చి ఫొటోలు. చూడ్డానికి నాకూ సరదాగానే ఉంటుంది. అయితే ఇవాళ నేను చెప్పదలుచుకున్నది ఆ అంకెల సంగతి కాదు. ఇంట్లో ఉండి ఇల్లు నడిపే మనలాంటి వాళ్ళం పుస్తకాల మీద పెట్టే డబ్బునీ, చదవడానికి దొరకబుచ్చుకునే టైమునీ ఎక్కడ రాసుకుంటున్నాం? అసలు రాసుకుంటున్నామా?

మీ ఇంటి ఖర్చుల పుస్తకం ఒకసారి తీసి చూడండి. పాలు, కూరలు, కిరాణా, గ్యాసు, కరెంటు, పిల్లల ఫీజులు, పనమ్మాయి జీతం, మందులు, పెట్రోలు... అన్నిటికీ తలా ఒక గడి ఉంటుంది. చిట్టచివర ‘ఇతరాలు’ అని ఓ గడి. మన పుస్తకాలు అందులో ఉంటాయి. పిన్నీసులు, బొట్టుబిళ్ళలు, గుడిలో హుండీ, చెప్పు తెగితే కుట్టించిన పది రూపాయలు, వాటి పక్కన ఒక నవల. పిల్లల టెక్స్టు పుస్తకాలకి ‘చదువు’ అనే గౌరవమైన గడి ఉంది. ఇంటాయన పేపరుకి కూడా నెలనెలా బిల్లు వస్తుంది కాబట్టి విడిగా గడి ఉంది. అమ్మ కొనుక్కునే కథల పుస్తకానికే చోటు లేదు.

అక్కడ కూడా రాయనివాళ్ళున్నారు. చీర ధర సగం చెప్పడం మనకి తరతరాలుగా వచ్చిన విద్య. పుస్తకానికి ఆ వీలు లేదు, వెనక అట్ట మీద ధర అచ్చేసి ఉంటుంది కదా. అందుకని ‘పాతది, ఫ్రెండు ఇచ్చింది’ అనో, ‘సగం రేటుకి వచ్చింది’ అనో చెప్తాం. మా అపార్ట్‌మెంటులో ఒకావిడ కొత్త పుస్తకాలు కొనగానే వాటిని బీరువాలో పాత పుస్తకాల మధ్యలో దోపేస్తుంది. కొత్తగా వచ్చినట్టు ఎవరికీ తెలియకూడదట. ఓ నెల గడిచాక తీసి చదువుకుంటుంది. ఎవరైనా అడిగితే ‘ఇది ఎప్పటినుంచో మనింట్లోనే ఉందిగా’ అంటుంది. విన్నప్పుడు అందరం పడిపడి నవ్వాం. తర్వాత ఆలోచిస్తే నవ్వు రాలేదు. ఆవిడ భర్త చెడ్డవాడేం కాదు, అడిగితే కొనిపెట్టే మనిషే. అయినా ఆవిడకి దాచాలనిపించింది. ఎందుకంటే ఆ ఖర్చు ఇంటికోసం కాదు, అచ్చంగా తనకోసం.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. దాచినంతకాలం అది దొంగ ఖర్చుగానే ఉంటుంది. ఎవరో మనల్ని పట్టుకుంటారని కాదు, మన మనసులోనే దానికి ఆ ముద్ర పడిపోతుంది. విడిగా ఒక గడి గీసి, పైన ‘పుస్తకాలు – నావి’ అని రాసి, కింద తేదీ వేసి, పేరు రాసి, ధర రాయండి. పదిమందిలో చెప్పుకోవడానికి కాదు, ఇంటి లెక్కల్లో మనకీ ఒక వరుస ఉందని మనకి తెలియడానికి.

నేను నాలుగేళ్ళుగా ఇలా రాస్తున్నాను. పెద్ద పద్ధతేం లేదు. పొడుగు నోటుబుక్కు ఒకటి. ముందు నుంచి కొన్నవి రాస్తాను: తేదీ, పుస్తకం, రాసినవారు, ఎక్కడ కొన్నాను, ఎంతైంది. వెనక నుంచి చదివినవి: ఎప్పుడు మొదలుపెట్టాను, ఎప్పుడు పూర్తయింది, మధ్యలో వదిలేస్తే ఎన్నో పేజీలో వదిలేశాను. పక్కన ఒక్క లైను, తోచినది. ‘పర్వాలేదు’ లాంటి మాటలు రాయను, అది సంవత్సరం తర్వాత చూస్తే ఏమీ గుర్తు చెయ్యదు. ‘చివర్లో తల్లి మాట్లాడకుండా వెళ్ళిపోవడం బాగుంది’ అని రాస్తే మొత్తం కథ కళ్ళముందుకొస్తుంది. ఫోన్లో ఆప్‌లున్నాయిగా అంటారు పిల్లలు. ఉన్నాయి. మన తెలుగు పుస్తకాలు వాటిలో సగం దొరకవు, దొరికినవి ఇంగ్లీషు అక్షరాల్లో ఒక్కోచోట ఒక్కో స్పెల్లింగుతో ఉంటాయి. వాటిని వెతికే టైములో నాలుగు పేజీలు చదవొచ్చు.

పోయిన ఏడాది నా లెక్క ఇదీ. కొన్నవి 43, అయిన ఖర్చు 9,860 రూపాయలు. అందులో జనవరిలో మా విజయవాడ పుస్తక మహోత్సవంలో కొన్నవి 11, వాటికి 3,240. లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లలో ఏడాది పొడుగునా ఏరుకొచ్చినవి 14, అన్నీ కలిపి 1,150. మిగతా 18 ఏలూరు రోడ్డు షాపుల్లోనూ పోస్టులోనూ, 5,470. నెలకి సగటున 820 రూపాయల చిల్లర. మా ఇంట్లో ఇంటర్నెట్టుకీ, సినిమాల ఆప్‌లకీ కలిపి ఏడాదికి అయ్యేది ఇంతకన్నా ఎక్కువే. ఆ సంగతి విడివిడిగా రాసి పక్కపక్కన పెడితేనే తెలిసింది. అప్పటిదాకా ఇంట్లో ఖర్చుదారు అంటే నేనే, పుస్తకాలు తెగ కొంటానని పేరు.

ఇక చదివినవి 31. అవన్నీ కొన్నవి కావు. ఆ ఏడాది కొన్నవాటిలో 16, అంతకుముందే ఇంట్లో ఉన్నవి 8, లైబ్రరీవి 5, అడిగి తెచ్చుకున్నవి 2. కొన్న 43లో ఇంకో నాలుగు సగంలో ఆగాయి. 23 పుస్తకాలు అసలు తెరవలేదు.

ఈ 23 దగ్గరే అందరూ ఆగిపోతారు. ‘చదవనివి అన్ని ఉండగా కొత్తవి ఎందుకూ?’ అని. ఈ మాట పుస్తకాల విషయంలో తప్ప ఇంకెక్కడా వినపడదు, గమనించారా? చింతపండు ఏడాదికి సరిపడా ఒకేసారి కొంటాం. ఎండుమిరపకాయలు, కందిపప్పు, పసుపుకొమ్ములు పంట వచ్చినప్పుడు కొని డబ్బాల్లో పోస్తాం. జూన్ నెలలో ఎవరూ వచ్చి ‘ఇంకా తినని చింతపండు అంత ఉందేమిటి’ అని అడగరు. పైగా ముందుచూపున్న ఇల్లాలని మెచ్చుకుంటారు. తెలుగు పుస్తకం అంతకన్నా అరుదైన పంట. చాలా పుస్తకాలు ఐదొందలో వెయ్యో కాపీలు వేస్తారు. అవి అయిపోతే మళ్ళీ అచ్చు పడుతుందన్న నమ్మకం లేదు. కనపడ్డప్పుడు కొనకపోతే ఆ తర్వాత లెనిన్ సెంటర్లో అట్ట ఊడిపోయి, ఎవరి పేరో రాసి ఉన్న కాపీ దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు.

అలాగని చూసిందల్లా కొనమనడం లేదు. పద్దు రాస్తే వచ్చే అసలు లాభం ఇక్కడే ఉంది. ఏ రకం పుస్తకాలు మిగిలిపోతున్నాయో కనపడుతుంది. నా పద్దులో పాతపుస్తకాల కొట్టువి 14లో 9 చదివేశాను. మహోత్సవంలో కొన్న 11లో చదివినవి మూడే. మిగతా 18లో నాలుగు. ఎందుకిలా అని వరుసగా పేర్లు చూశాను. పాతపుస్తకాల దగ్గర నిలబడి నాలుగు పేజీలు చదివి, ఆగలేక కొంటాను. ఇంటికొచ్చాక ఆ ఊపులోనే చదివేస్తాను. మహోత్సవంలో జనం, దుమ్ము, మైకులో ప్రసంగాలు, పది శాతం తగ్గింపు బోర్డు, పక్కన మా వారు ‘కార్ పార్కింగ్ దూరం’ అంటూ. అక్కడ కొనేవి ఎక్కువగా లావుపాటి సంపుటాలు, ఇంట్లో ఉంటే మంచిదనిపించేవి. ఉంటే మంచిదే. వాటిని చదవడానికి మాత్రం వేరే రకం తీరిక కావాలి. ఆ తీరిక సంగతికే వస్తున్నాను.

వెనక వైపు నుంచి రాసిన పేజీల్లో చదివినవాటిని నెలలవారీగా లెక్కపెట్టాను. జనవరి 4, ఫిబ్రవరి 4, మార్చి 3, ఏప్రిల్ 1, మే 0. జూన్‌లో పిల్లలు బడికెళ్ళాక మళ్ళీ 3, జూలై 4, ఆగస్టు 3, సెప్టెంబరు 2, అక్టోబరు 1, నవంబరు, డిసెంబరుల్లో మూడేసి. ఈ కాగితం టేబుల్ మీద ఉంటే మా వారు చూశారు.

‘‘మేలో గుండుసున్నా ఏమిటి?’’ అన్నారు.

‘‘ఆవకాయ,’’ అన్నాను.

‘‘ఆవకాయ రెండు రోజుల పనేగా?’’

‘‘కాయ తెచ్చి కొట్టించడం, ముక్కలు తుడిచి ఆరబెట్టడం, కారం ఆడించడం, మూడో రోజు తిరగకలపడం. తర్వాత మాగాయ. వడియాలు. మజ్జిగ మిరపకాయలు. మీ చెల్లెలు పిల్లల్తో పన్నెండు రోజులు. మా అన్నయ్యవాళ్ళు ఒక వారం. మన పిల్లలు నెలంతా.’’

ఆయన కాసేపు ఆగి, ‘‘మరి అక్టోబరు?’’ అన్నారు. బెజవాడలో ఉంటూ ఆ ప్రశ్న అడక్కూడదు. దసరా పది రోజులూ అమ్మవారి దర్శనానికి వచ్చే చుట్టాలందరికీ మన ఇల్లే కదా కాటేజీ. మూలా నక్షత్రం రోజైతే తెల్లవారుజామున మూడింటికి కాఫీ పెట్టి పంపాలి, మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి భోజనం ఉండాలి. నాకు చుట్టాలు రావడం ఇష్టమే. మేడ మీద పిల్లలంతా వరసగా పడుకుంటే చూడ్డం నాకెంతో ఇష్టం. కానీ ఆ నెల ఎటు పోయిందో అడిగితే చూపించడానికి ఇన్నాళ్ళూ నా దగ్గర కాగితం లేదు. ‘ఇంట్లో ఉంటావుగా, బోలెడు టైము’ అనే మాటకి నా దగ్గరున్న మొదటి జవాబు ఈ పుస్తకాల పద్దే.

ఇది నా ఒక్కదాని గోల కాదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయం వాళ్ళు దేశమంతా తిరిగి, ఎవరు రోజులో ఏ పనికి ఎంతసేపు పెడుతున్నారో సర్వే చేశారు. జీతం లేని ఇంటిపని చేస్తున్న ఆడవాళ్ళు దాని మీద రోజుకి సగటున 299 నిమిషాలు పెడుతున్నారని తేలింది. చేస్తున్న మగవాళ్ళు 97 నిమిషాలు. అంటే మనకి ఐదు గంటలకి ఒక్క నిమిషం తక్కువ. పిల్లల్నీ పెద్దవాళ్ళనీ చూసుకునే టైము ఇందులో కలపలేదు, దాన్ని విడిగా లెక్కవేశారు. ఈ అంకె పేపర్లో చదివినప్పుడు ‘ఔను కదా’ అనుకుని పేజీ తిప్పేశాను. నా సొంత చేతిరాతలో మే నెల పక్కన సున్నా చూసినప్పుడు మాత్రం అలా తిప్పలేకపోయాను. మా వారికీ అంతే అనుకుంటాను. ఆ సాయంత్రం ఆయన అడిగిన మాట, ‘‘మరి మేలో నేనేం చేశానో?’’ ఆయనే గుర్తు తెచ్చుకుని, ‘‘ఐపీఎల్,’’ అన్నారు. ఇద్దరం నవ్వుకున్నాం.

నవ్వుకుని ఊరుకోలేదు. ఈ ఏడాది నుంచి ఆదివారం పొద్దున టిఫిన్ ఆయనదీ మా వాడిదీ. ఉప్మా తప్ప ఇంకోటి రావడం లేదు, అది వేరే సంగతి. చుట్టాలు వచ్చిన రోజుల్లో కూడా మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా నేను గదిలో ఉంటాను, టీ ఎవరికి వాళ్ళు పెట్టుకోవాలి. మొదట్లో ఆడబిడ్డకి వింతగా అనిపించింది. రెండోరోజు ఆవిడ కూడా ఒక పుస్తకం పట్టుకుని వచ్చి పక్కన వాలింది. ఈ మేలో నా పద్దులో రెండు పుస్తకాలున్నాయి. రెండూ సన్నవే. అయినా సున్నా కాదు.

ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, రాసుకోకపోతే ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను. మా అత్తగారు మంచి చదువరి. ఆవిడ రోజుల్లో ఆంధ్రప్రభ, ఆంధ్రపత్రిక, ఆంధ్రజ్యోతి వారపత్రికల్లో వచ్చే సీరియళ్ళ కాగితాలు జాగ్రత్తగా చింపి, వరుసలో పెట్టి, లావు సూదితో కుట్టి, పాత క్యాలెండరు అట్టలు వేసి బైండు చేసుకునేవారు. మీలో చాలామంది అమ్మలూ అమ్మమ్మలూ ఇదే చేసి ఉంటారు. ఒక ట్రంకు పెట్టె నిండా ఉండేవని మా వారు చెప్తారు. ఆవిడ పోయాక ఊళ్ళో ఇల్లు అమ్మేటప్పుడు సామాన్లు సర్దిన పెద్దవాళ్ళు వాటిని చిత్తుకాగితాలతో కలిపి తూకానికి ఇచ్చేశారు. వాళ్ళననేదేముంది, అట్ట మీద పేరు లేదు, లోపల అచ్చుకాగితాలు పసుపుపచ్చగా పెళుసుగా. చూసేవాళ్ళకి అవి పాత పత్రికలే.

మిగిలింది ఆవిడ రాసిన పద్దుల పుస్తకం ఒక్కటి. 1970ల నాటిది. కిరసనాయిలు, పంచదార రేషను, చాకలి, పాలు, అన్నీ పైసల్తో సహా ముత్యాల్లాంటి అక్షరాలు. వాటి మధ్య అక్కడక్కడ ‘అద్దె పుస్తకం – 0.20’ అని. అప్పట్లో వీధికొకటి అద్దె పుస్తకాల షాపు ఉండేది కదా. ఒక నెలలో ఆరుసార్లు ఉంది, ఒక నెలలో ఒక్కసారీ లేదు. ఏ పుస్తకమో రాయలేదు. యద్దనపూడి సులోచనారాణా, మాదిరెడ్డి సులోచనా, కోడూరి కౌసల్యాదేవా, రంగనాయకమ్మా, వాసిరెడ్డి సీతాదేవా? ఏ నవల రెండుసార్లు తెచ్చుకున్నారు, ఏది నచ్చక మర్నాడే తిరిగిచ్చేశారు? ఇరవై పైసలు మాత్రం ఉన్నాయి. ఆవిడతో పదేళ్ళు ఒకే వంటింట్లో గడిపినదాన్ని, ఆవిడకి పప్పులో చింతపండు ఎంత కావాలో చెప్పగలను, ఆవిడకి ఏ నవల ఇష్టమో చెప్పలేను.

ఆ రోజుల్లో ఆడవాళ్ళ నవలలు ఎలా అమ్ముడుపోయేవో, వాటిని పెద్ద విమర్శకులు ఎంత చులకనగా చూసేవారో ఎన్నో వ్యాసాల్లో చదివాం. వాటిని నిలబెట్టింది పాఠకురాళ్ళని అందరూ ఒప్పుకుంటారు. ఆ పాఠకురాళ్ళేమనుకున్నారో చెప్పే కాగితం మాత్రం ఎక్కడోగానీ దొరకదు. మన మాట మగవాళ్ళు రాస్తే మాత్రం పుస్తకమైంది. ‘ఇల్లాలి ముచ్చట్లు’ గుర్తుందా? పురాణం సీత పేరుతో వచ్చిన ఆ శీర్షిక రాసింది పురాణం సుబ్రహ్మణ్య శర్మగారు. చక్కగా రాశారు, నాకూ ఇష్టమే. కానీ నిజం ఇల్లాళ్ళు తమ పద్దుల్లో ఇంకో నాలుగు మాటలు ఎక్కువ రాసి ఉంటే ఎంత బాగుండేది!

అందుకే డబ్బు ఒక్కటే రాసి ఊరుకోవద్దంటాను. పుస్తకం పేరు రాయండి. పుస్తకం మొదటి పేజీలో మీ పేరు రాయండి. ఇంటిపేరూ, ఆయన పేరూ, ‘శ్రీమతి’ అనీ కాదు, మీ పేరు. పి. సత్యవతిగారి ‘ఇల్లలకగానే’ కథలో ఇల్లాలు ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మర్చిపోతుంది. ఆ కథ చదివిన రోజు రాత్రి నా పుస్తకాలన్నీ కిందికి దించి, ఒక్కొక్కదాని మీదా పేరు రాసుకుంటూ కూర్చున్నాను.

‘ఇవన్నీ రాసే ఓపిక ఎవరికుందమ్మా’ అంటారు కొందరు. ఆడవాళ్ళకి లెక్క రాయడం కొత్తా? రామకోటి రాసేవాళ్ళని చూడండి. పుస్తకం తర్వాత పుస్తకం, గడి తర్వాత గడి, కోటి దాకా. సుందరకాండ పారాయణ ఎన్ని రోజులకి ముగించాలో, ఏ రోజు ఎక్కడ ఆపాలో మా పిన్నికి వేళ్ళ మీద ఉంటుంది. నలభై ఒక్క రోజుల మండలంలో ఒక్క రోజు తేడా రానివ్వం. ఆ శ్రద్ధ మన దగ్గర దండిగానే ఉంది. దేవుడికీ పిల్లలకీ వాడి, మనదాకా వచ్చేసరికి అలసిపోతాం, అంతే.

మరి పారాయణ కూడా చదివిన లెక్కలోకి వస్తుందా అని ఒకరు అడిగారు. వంటల పుస్తకం వస్తుందా అని ఇంకొకరు. మీ నోటుబుక్కు మీ ఇష్టం. నేనైతే మాలతీ చందూర్ గారి ‘వంటలు–పిండివంటలు’ మొదటిసారి నవలలాగా చదివాను కాబట్టి రాసుకున్నాను. గులాబ్‌జామ్ పాకం కోసం తిరగేసినప్పుడు రాయలేదు. పిల్లలకి పడుకునేముందు చదివిపెట్టేవి మాత్రం తప్పకుండా రాయాలంటాను, అది మన గొంతు, మన టైము.

ఎన్ని చదివాం అనే పందెం నాకు పడదని ముందే చెప్పాను. కారణం సులువు. వేయి పేజీల ‘వేయిపడగలు’ ఒకటే, ఎనభై పేజీల కథల పుస్తకం ఒకటే. పందెంలో ఉన్నవాళ్ళు సన్నవే ఏరుకుంటారు, నచ్చని పుస్తకాన్ని లెక్క కోసం చివరిదాకా ఈడుస్తారు. మా వాడి బడిలో రోజూ ఎన్ని పేజీలు చదివాడో రాసి సంతకం చేయించుకు రమ్మన్నారు ఒక ఏడాది. అంతకుముందు అన్నం తింటూ కూడా పుస్తకం వదలనివాడు, ఆ ఏడాది ఇరవయ్యో పేజీ రాగానే టక్కున మూసేసేవాడు. పదో పేజీ దగ్గర పడుకున్న రాక్షసుడు ఏమయ్యాడన్న ధ్యాస కూడా లేదు. పద్దు అనేది జరిగినదాన్ని రాయడానికి ఉండాలి. ముందే ఇంత అని గీత గీసుకుంటే చదవడం కూడా ఇంకో ఇంటిపని అయిపోతుంది. ఉన్నవి చాలవా?

లైబ్రరీ సంగతి ఒక్క మాట. 1960లో చేసిన గ్రంథాలయ చట్టం ప్రకారం మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అంటే మీరు గడప దాటి వెళ్ళినా వెళ్ళకపోయినా డబ్బు కట్టేశారు. ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం 1914లో పుట్టింది మా బెజవాడలోనే, అయ్యంకి వెంకటరమణయ్యగారి వంటివాళ్ళు ఊరూరా తిరిగి లైబ్రరీలు పెట్టించారు. ఇప్పుడు వెళ్తే పేపర్లు చదివే మగవాళ్ళూ, పోటీ పరీక్షల పిల్లలూ కనపడతారు. మన వయసు ఆడవాళ్ళు తక్కువ. నేను పోయిన ఏడాది తెచ్చుకున్నవి ఐదు. ఈసారి ఇంకాస్త ఎక్కువ తెచ్చుకోవాలని ఉంది. కూరల మార్కెట్ దారిలోనే ఉంది మా బ్రాంచి.

ఇంకో గడి కూడా పెట్టుకోండి, ఎవరికిచ్చామో. పుస్తకమూ, ఆడదీ, డబ్బూ పరాయి చేతికి వెళ్తే తిరిగి రావని ఒక పాతకాలపు శ్లోకం చెప్తారు మనవాళ్ళు. ఆ చెప్పినాయన మూడింటినీ ఒకే గాట కట్టాడు, సామాన్ల లెక్కన. ఆయన సంగతి వదిలేద్దాం. నా పద్దులో ఇచ్చినవి 12, తిరిగొచ్చినవి 9. తేదీ వేసి పేరు రాసుకుంటే అడగడానికి మొహమాటం ఉండదు. ‘ఉగాదికి తీసుకెళ్ళావు, అయిపోయిందా?’ అంటే చాలు. రాని మూడింటిలో ఒకటి ఎదురింటి కోడలి దగ్గరుంది. ఆ అమ్మాయి ఇంట్లో పుస్తకం పట్టుకుంటే అత్తగారు ఏదో ఒక పని చెప్తారట, అందుకని బాల్కనీలో బట్టలు ఆరేసే నెపంతో రోజుకి రెండు పేజీలు చదువుతోంది. దాన్ని నేను అడగను.

ఆ అమ్మాయే అంది, ‘‘ఆంటీ, నెలకి ఎనిమిది వందలంటే మా ఇంట్లో కుదరదు’’ అని. నిజమే, అందరికీ ఒక లెక్క కాదు. లెనిన్ సెంటర్లో యాభై రూపాయలకి మంచి నవల దొరుకుతుంది. నెలకి ఒకటి, ఏడాదికి ఆరొందలు. లైబ్రరీలో తెచ్చుకుంటే ఆ మాత్రమూ అవ్వదు. తక్కువైతే గడి గీయకూడదనేం లేదు కదా. మా అత్తగారు ఇరవై పైసలు కూడా రాసిపెట్టారు.

జనవరి మొదట్లో మళ్ళీ పుస్తక మహోత్సవం. ఈసారి మూడున్నర వేలు అనుకున్నాం. అందులో ఐదొందలు మా వాడివి, తన పద్దు తనే రాసుకుంటానన్నాడు. లావుపాటి సంపుటాలు రెండుకి మించొద్దని నేనే షరతు పెట్టుకున్నాను, పోయినసారివి ఎనిమిది ఇంకా అల్మరాలో నిలబడి ఉన్నాయి. వాటిలో ఒకటి సంక్రాంతి వెళ్ళాక, చుట్టాలు బస్సెక్కిన మర్నాడు మొదలుపెడతాను. కొత్త నోటుబుక్కు నిన్ననే తెచ్చాను, 70 రూపాయలు. అది మాత్రం ఏ గడిలో రాయాలో ఇంకా తేలలేదు.